మౌసుగారి పాదప్రతిష్ఠ

కొత్తపేటకు కూతవేటు దూరంలో, కాలవ గట్టునే ఉన్న మా గ్రామంలో, రెండువేల ఆరో సంవత్సరం జూన్ మాసంలో ఒక కంప్యూటర్ మౌసుకు అరిగిపోయిన పాదాలు తొలగించి కొత్త పాదాలు అమర్చబడినవని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. ఈ కార్యక్రమానికి రెండు షామియానాలు, ఒక బ్యాండు మేళం, ఒక ముఖ్య అతిథి, భోజనాల్లోకి పనసపొట్టు కూర ఏర్పాటయ్యాయి. ఇంతకన్నా తక్కువలో పని జరగదా అని అడిగేవారు మా ఊరివారు కారు. బహుశా గోదావరి అవతలి నుంచి వచ్చి ఉంటారు.

ముందు మౌసు సంగతి చెప్పాలి. పంచాయతీ ఆఫీసు ఎదురుగా కృష్ణమోహన్ అనే కుర్రవాడు నెట్ సెంటర్ పెట్టాడు. ఉన్నవి పాత కంప్యూటర్లే గాని, హైదరాబాదు వెళ్ళినప్పుడు ఒక ఎర్రగా వెలిగే మౌసు పట్టుకొచ్చాడు. తుపాకుల ఆటలు ఆడేవారి కోసం ప్రత్యేకంగా తయారుచేసిందట. దాన్ని మూల కంప్యూటర్‌కు తగిలించి, పైన కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంచేవాడు. కరెంటు పోయినా అది వెలుగుతూనే ఉంటుందని ఊళ్ళో చెప్పుకునేవారు. నేను చూడలేదు గాని, చూసినవాళ్ళను చూశాను.

ఆ మౌసును వాడటం నిజంగా తెలిసిన మనిషి ఊరంతటికీ ఒక్కరే. కొబ్బరి వర్తకం చేసే బంగారరాజుగారి అమ్మాయి ప్రియాంక. ఇంటర్ పూర్తయింది, ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది, కాకినాడలో కంప్యూటర్ ఇంజనీరింగ్ చదవాలని కోరిక. ఆ కోరిక బంగారరాజుగారికి వినపడేది కాదు. ఆయనకు చెవుడని అనుకోవద్దు. తోటలో కాయ రాలితే వీధి అరుగు మీద కూర్చుని అది ఏ చెట్టు కాయో చెప్పగల చెవులు ఆయనవి. కూతురి మాటకు మాత్రం ఆ చెవులు సెలవు తీసుకునేవి.

అలాంటి మనిషి ఒకరోజు మంచి మూడ్‌లో ఉండి, నలుగురి ముందు మాట జారారు. అమలాపురంలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం వారు తుపాకుల ఆట పోటీ పెడుతున్నారనీ, ప్రియాంక పేరు ఇచ్చిందనీ అప్పుడే ఆయనకు తెలిసింది.

"సరేనమ్మా, గెలిస్తే కాకినాడ పంపుతాను. ఓడిపోయేవనుకో, ఆ ఆటా వద్దు, ఆ చదువూ వద్దు. కొత్తపేటలో బీకాం ఉందిగా, బస్సు కూడా మనింటి ముందే ఆగుద్ది" అన్నారు.

అంతమంది మగపిల్లల మధ్య ఆడపిల్ల గెలవటం జరిగే పని కాదన్న ధీమాతో ఇచ్చిన మాట అది. ప్రియాంక తల్లి ఉమాదేవిగారు ఆ మాట విని ఏమీ అనలేదు. ఆవిడ సాధారణంగా ఏమీ అనరు. మా ఊళ్ళో దీన్ని ఉత్తమ ఇల్లాలి లక్షణంగా పరిగణిస్తారు.

పోటీ ఇంకా కొద్దిరోజుల్లో ఉందనగా మౌసు మొరాయించింది.

"అన్నయ్యా, ఇది పట్టేస్తోందండి. ఇటు లాగితే కదలదు, గట్టిగా లాగితే ఎక్కడికో పోతోంది. నేను గురి చూసేలోపు అవతలివాడు నన్ను కాల్చేస్తున్నాడు" అంది ప్రియాంక.

కృష్ణమోహన్ దాన్ని తిరగేసి చూశాడు. "పాదాలరిగిపోయేయమ్మా. ఇదిగో, అడుగున నాలుగు తెల్లముక్కలున్నాయి చూడు, వీటి మీదే ఇది జారేది. హైదరాబాదు ఫోన్ చేస్తాను, కొరియర్‌లో పడేస్తారు. పాతవి పీకి కొత్తవి అంటించడమే. పావుగంట పని."

పావుగంట పని అని అతను అనకుండా ఉండవలసింది. పావుగంటలో అయిపోయే పని అంటే మా ఊరికి అవమానం. పైగా ఆ సమయంలో అక్కడ జెరాక్సు కోసం బుచ్చిరాజుగారు నిలబడి ఉన్నారు. బుచ్చిరాజుగారు మాజీ సర్పంచి, నీటి సంఘం అధ్యక్షులు, శ్మశానవాటిక సుందరీకరణ సంఘం అధ్యక్షులు. వారు కుర్చీలో కూర్చున్నారంటే ఆ కుర్చీ అప్పటినుంచి అధ్యక్షస్థానం. అధ్యక్షత లేకుండా వారికి అన్నం కూడా సహించదని ప్రతీతి.

"ఊరి పరువు అమలాపురం వెళ్తోందా? కాళ్ళరిగిపోయి వెళ్తోందా? ఇది మనం చూస్తా ఊరుకోవాల్సిన విషయవా అండీ?" అన్నారు.

సాయంత్రానికి మౌసు పాదాల పునరుద్ధరణ సంఘం ఏర్పాటయింది. అధ్యక్షులు వారే. ఉపాధ్యక్షులు, గౌరవాధ్యక్షులు, కార్యదర్శి, సహకార్యదర్శి, ముఖ్య సలహాదారు, అదనపు సలహాదారు ఉన్నారు. కోశాధికారి బంగారరాజుగారు. సభ్యులు మాత్రం ఒక్కరూ లేరు. ఉత్త సభ్యుడిగా ఉండమంటే మా ఊళ్ళో మాటలు ఆగిపోతాయి.

"సోదర సోదరీమణులారా" అని బుచ్చిరాజుగారు ప్రారంభించారు. సోదరీమణులు ఎవరూ లేరు. ప్రియాంక వచ్చి వెనక కూర్చోబోయింది గాని, కాఫీలు ఏమయ్యాయో చూడమ్మా అని ఆమెను పంపేశారు. "పాదాలు లేనిదే ప్రయాణం లేదు. ప్రయాణం లేనిదే ప్రగతి లేదు. కాబట్టి ఈ పాదాలు హైదరాబాదు నుంచి వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చునే జాతి కాదు మనది!" చప్పట్లు మోగాయి. కాఫీలు వచ్చాయి.

సాంకేతిక నిపుణులను పిలిపించారు. ఎద్దులకు నాడాలు కొట్టే నూకరాజు మౌసును బోర్లా పడుకోబెట్టి, తీగను తాడు అనుకుని కాళ్ళ కింద తొక్కిపట్టి, నాలుగు మూలలూ తడిమి చూశాడు.

"గిట్టలు శుభ్రంగా అరిగిపోయేయండి. చిన్న మేకులతో నాలుగు నాడాలు కొట్టేత్తే ఇంక దీని జన్మకి అరగవండి. కాకపోతే కొట్టేటప్పుడు తంతాదేమో, ఎవరన్నా మూతి పట్టుకోవాలండి."

మూతి ఎటువైపో తేలకపోవటం వల్ల ఆ ప్రతిపాదన వాయిదా పడింది. తర్వాత అంతర్వేది నుంచి పడవల జగ్గారావును రప్పించారు.

"ఇసకలో పడవని ఎలా జారుత్తామనుకున్నారండీ? అడుగున నూనె రాత్తాం. పడవే జారగా లేంది ఇదెంతండీ, అరచెయ్యంత లేదు" అన్నాడతను.

నూనె అనగానే సభలో ఉత్సాహం ఉప్పొంగింది. మన కోనసీమలో కొబ్బరినూనెకు కొదవా? బంగారరాజుగారే స్వయంగా గానుగనూనె తెప్పించారు. మౌసుకు అడుగున, పైన, ఎందుకైనా మంచిదని తీగకు కూడా పట్టించారు. ఫలితం అమోఘం. బుచ్చిరాజుగారు వేలు తగిలించారో లేదో మౌసు బల్ల మీద నుంచి జారి, గుమ్మం దాటి, రోడ్డు దాటి, కాలవ గట్టు మీద ఆగింది. తీగ ఉండబట్టి సరిపోయింది గాని, లేకపోతే లాకుల దాకా వెళ్ళి ఉండేదని చూసినవారు ఇప్పటికీ చెబుతారు.

అంత జారుడు కూడా మంచిది కాదని తీర్మానించి, కుంకుడు రసంతో తలంటి, డాబా మీద ఎండబెట్టారు. ఆ తర్వాత మౌసు వెలగటం మానేసింది. ఈ సంగతి ప్రియాంక గమనించి చెప్పింది.

"విశ్రాంతి తీసుకుంటోందమ్మా" అన్నారు బుచ్చిరాజుగారు. "తలంటుకుంటే మనకి మాత్రం నిద్ర రాదూ?"

ప్రియాంక నెట్ సెంటర్ అటక మీద పడేసిన పాత మౌసు ఒకటి దింపింది. అడుగున రబ్బరు ఉండ దొర్లే రకం. ఉండ తీసి, లోపలి చక్రాలకు చుట్టుకున్న మురికిని పిన్నీసుతో గీకి, దాంతోనే రోజూ ఆడటం మొదలుపెట్టింది. ఆ పనికి అధ్యక్షులెవరూ లేరు కనుక అది ఎవరి కంటా పడలేదు.

ఈలోగా కొరియర్ వచ్చింది. విప్పి చూస్తే గోరంతేసి తెల్లముక్కలు నాలుగు. సంఘం నిరాశపడింది. ఇంత చిన్నవాటికి సభ ఎలా పెడతామని సహకార్యదర్శి వాపోయారు. అప్పుడు బుచ్చిరాజుగారు చెప్పిన హితవు చిరస్మరణీయం. "వస్తువు చిన్నదైతే సభ పెద్దది పెట్టాలండి. అప్పుడు లెక్క సరిపోద్ది."

పంతులుగారిని అడిగితే, పాదాలు అంటించడానికి ఆదివారం ఉదయం పదీ నలభై రెండుకు దివ్యమైన ముహూర్తం ఉందన్నారు. అమలాపురంలో పోటీ కూడా ఆదివారం ఉదయమే.

"తాతగారండీ, మౌసు ఇక్కడుంటే మరి అక్కడ పోటీ మాటేంటండి?" అని బుచ్చిరాజుగారిని అడిగింది ప్రియాంక.

"పోటీదేముందమ్మా, మళ్ళీ ఏడాదీ పెడతారు. ముహూర్తం మళ్ళీ దొరుకుద్దా? పైగా ముఖ్య అతిథి గారు ఒప్పుకున్నారు. శాలువా కూడా కొనేశాం."

బంగారరాజుగారు కూతురి వైపు చూడకుండా బ్యాండు మేళం వారికి ఫోన్ చేయడంలో నిమగ్నులయ్యారు. ఆయన మొహంలో ఒకలాంటి ప్రశాంతత కనిపించింది. పోటీకి వెళ్ళకపోతే గెలవటం ఉండదు, గెలవకపోతే కాకినాడ ఉండదు. ఇచ్చిన మాట తప్పినట్టూ ఉండదు.

ఆదివారం ఉదయం ఉమాదేవిగారు పెరుగన్నం డబ్బా కట్టి, కూతురి బ్యాగులో పాత మౌసు ఉందో లేదో తడిమి చూశాక, ఇద్దరూ అమలాపురం బస్సు ఎక్కారు. షామియానా కింద అంత హడావుడిలో ఇద్దరు ఆడవాళ్ళు తక్కువైన సంగతి ఎవరికీ తెలియలేదు. కాఫీలు ఆలస్యమైనప్పుడు మాత్రం కొంత అనుమానం వచ్చింది.

ఉత్సవం వైభవంగా జరిగింది. మౌసును వెండి పళ్ళెంలో పెట్టి మేళతాళాలతో వీధి తిప్పారు. పసుపు రాశారు. అడుగున వెలుతురు వచ్చే రంధ్రాన్ని మూడో కన్నుగా గుర్తించి కుంకుమ అద్దారు. పదీ నలభై రెండుకు ముఖ్య అతిథి గారు మంత్రాల మధ్య పాదాలు అంటించారు. జిగురు ఉన్న వైపు మౌసుకు అంటించాలని కృష్ణమోహన్ జనం వెనక నుంచి అరిచాడు గాని బ్యాండు మేళంలో వినపడలేదు. జిగురు వైపు కిందకీ, నున్నటి వైపు పైకీ వచ్చేలా నాలుగు ముక్కలనూ పళ్ళెంలో పరిచి, వాటి మీద మౌసును ఆసీనం చేశారు. పసుపు, కుంకుమ, కుంకుడు రసం, కొబ్బరినూనె ఇవన్నీ కలిసి ఏ రసాయనం అయ్యాయో తెలియదు. మౌసు పళ్ళేనికి అతుక్కుపోయింది. ముఖ్య అతిథి గారు లాగారు, రాలేదు. బుచ్చిరాజుగారు లాగారు, పళ్ళెం పైకి లేచింది గాని మౌసు కదల్లేదు.

బుచ్చిరాజుగారు మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా! మౌసుగారు ఇక్కడే కొలువుండాలని సంకల్పించుకున్నారు!"

అప్పటినుంచి అది మౌసుగారు. కొందరు ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. పాటలూ, ప్రసంగాలూ, మౌసుగారి సంకల్పబలం మీద బుచ్చిరాజుగారి ఉపన్యాసమూ, భోజనాలూ అయ్యాక వందన సమర్పణ మొదలై సాయంకాలం దాకా సాగింది. అది సాగుతుండగానే బస్సు దిగి, తల్లీకూతుళ్ళు షామియానాలోకి వచ్చారు. ప్రియాంక చేతిలో ఇత్తడి కప్పు ఉంది.

"గెలిచేనండి" అంది.

"చూశారా!" అని బుచ్చిరాజుగారు మైకులోనే కేక పెట్టారు. "ఇక్కడ పాదాలు పెట్టాం. అక్కడ గెలుపు వచ్చింది!"

"తాతగారండీ, నేను ఆడింది దీంతోనండి" అంటూ ప్రియాంక బ్యాగులోంచి ఉండ మౌసు తీసి చూపించింది.

"ఆడింది దేంతో అన్నది కాదమ్మా. ఆడించింది ఎవరు?" చప్పట్లు ఆగలేదు.

బంగారరాజుగారు గొంతు సవరించుకున్నారు. "బుచ్చిరాజుగారండీ, నేనన్న మాట అమ్మాయి గెలిస్తే అని. గెలిచింది మౌసుగారైనప్పుడు మరి ఆ మాట... వర్తించదేమో కదండీ?"

సంఘం అక్కడికక్కడే సమావేశమై, వర్తించదని ఏకగ్రీవంగా తేల్చింది.

ప్రియాంక మొహం ఎర్రబడింది. కప్పు కుర్చీలో పెట్టి, వేదిక ఎక్కి, వెండి పళ్ళెం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చెవి మౌసుకు ఆనించింది. బ్యాండు వాళ్ళు కూడా బూరలు దించారు. కాసేపటికి లేచి మైకు అందుకుంది.

"నాన్నగారండీ, మౌసుగారు ఒక మాట అంటున్నారండి."

బంగారరాజుగారు తెలియకుండానే చేతులు జోడించారు. "ఏవంటున్నారమ్మా?"

"అమ్మాయిని కాకినాడ పంపకపోతే ఈ పళ్ళెం దిగి వెళ్ళిపోతానంటున్నారండి."

కూతురు ఏడాదిగా ఇంట్లో చెప్పిన మాటే అది. ఈసారి ఆయనకు స్పష్టంగా వినపడింది. అయినా దిక్కుతోచక బుచ్చిరాజుగారి వైపు చూశారు. మౌసు మాట్లాడటమేమిటని బుచ్చిరాజుగారు అనవచ్చు. కానీ అదే మైకులో, దాని సంకల్పబలం గురించి అంతసేపు మాట్లాడింది వారే. ముఖ్య అతిథి గారు కూడా చూస్తున్నారు.

అప్పుడు ఉమాదేవిగారు, ఆవిడ ఎప్పుడూ ఏమీ అనరని మనవి చేశాను కదా, లేచి నిలబడి, "అవునండి. నేనూ విన్నాను" అన్నారు.

"ఆయ్" అన్నారు బుచ్చిరాజుగారు, నుదురు తుడుచుకుంటూ. "పంపించాలండి మరి. తప్పదు."

ప్రియాంక కాకినాడ వెళ్ళి చదువుకుంది. ఉండ మౌసును వెంట తీసుకెళ్ళింది. కృష్ణమోహన్ నెట్ సెంటర్ ఇప్పుడు లేదు. ఆ గదిలో అద్దాల పెట్టె, పెట్టెలో వెండి పళ్ళెం, పళ్ళెంలో మౌసుగారు ఉన్నారు. ఆడపిల్ల నోటితో చెబితే వినని మా ఊరు ప్లాస్టిక్ ముక్క నోటితో చెబితే విన్నదని కొందరు వెటకారం చేస్తారు. అది సరికాదు. ఏదో ఒకదాని మాట వింటున్నాం కదా.

మీరు ఈపాటికి నవ్వుతూ ఉండి ఉంటారు. నవ్వండి. ఎంసెట్ రోజులు రాగానే మీరూ వస్తారు, అందరూ వస్తారు, రాజోలు నుంచి జొన్నాడ దాకా ఉన్న ఊళ్ళన్నిటి నుంచీ కార్లు వేసుకుని వస్తున్నారు. ఆదివారం రద్దీగా ఉంటుంది, మామూలు రోజుల్లో రండి. చెప్పులు బయట విప్పండి. అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలో మీరు పెద్దవాళ్ళు మాట్లాడుకుని, ముందే నిర్ణయించుకుని రండి. మౌసుగారు ఇంతవరకు ఎవరి నిర్ణయాన్నీ కాదనలేదు. హాల్ టికెట్ నకలు ఒకటి తెస్తే పళ్ళేనికి తాకించి ఇస్తాం.

అమ్మాయిని తీసుకురానక్కర్లేదు.