రాజనర్సు చెవులకు నూటికి నూరు

చెవుల డాక్టరు లేని ఊరు ధన్యమైన ఊరు! కోపం తెచ్చుకోకండి. డాక్టరుంటే ఏమవుతుంది? చీటీ రాయించుకోవాలి, వరసలో కూర్చోవాలి, తీరా మన పేరు పిలిస్తే అది మనకు వినపడదు. అదే స్మార్ట్‌ఫోన్ అయితే తనే మన దగ్గరికి వస్తుంది. సిరిసిల్లలో రాజనర్సు దగ్గరికి అలాగే వచ్చింది.

రాజనర్సు ముప్పై ఏళ్లుగా సాంచలు నడుపుతున్నాడు. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. అవన్నీ ఒకేసారి ఆడే షెడ్డులో పక్కవాడి కేక కూడా వినపడదు కాబట్టి, కార్మికులంతా పెదవులు చూసే మాట పట్టేస్తారు. ఎంత గొప్ప ఏర్పాటు! చెవులతో పనే లేదు.

ఒక్కటే చిక్కు. కోరుట్లలో ఉన్న బిడ్డ అక్షిత వీడియో కాల్ చేసి రెండేళ్ల మనవరాలిని చూపిస్తుంది. పసిదాని మాటలు ఇంకా పెదవుల మీద కుదురుకోలేదు. అది ఏదో అంటుంది, అందరూ నవ్వుతారు, రాజనర్సూ నవ్వుతాడు. ఎందుకో అతనికి తెలియదు.

జగిత్యాల నుంచి వచ్చిన శ్వేత ఒక సంస్థ తరఫున వాడవాడా తిరిగి ఫోన్‌తో చెవులు పరీక్షిస్తోంది. రాజనర్సు భార్య పుష్ప ఆమెను నేరుగా షెడ్డుకే తీసుకొచ్చింది. హెడ్‌ఫోన్ తగిలించగానే తెర మీద ఎర్రక్షరాలు: ‘శబ్దం ఎక్కువగా ఉంది. నిశ్శబ్దంగా ఉన్న చోటికి వెళ్లండి.’ చూశారా మర్యాద! ముప్పై ఏళ్లలో రాజనర్సుకు ఈ సలహా ఇచ్చినది ఆ ఫోన్ ఒక్కటే!

చివరికి బట్ట తానులు పేర్చిన గదిలో పరీక్ష మొదలైంది. కుయ్యిమన్నప్పుడల్లా చెయ్యెత్తాలి. రాజనర్సుకు ఏమీ వినపడలేదు. కానీ ఎదురుగా కూర్చున్న శ్వేత ఒక్కో శబ్దం పంపి, కళ్లెత్తి అతని వైపు చూస్తోంది. ఆమె కళ్లు లేచినప్పుడల్లా అతని చెయ్యి లేచింది. చెవుడని తేలితే షెడ్డు యజమాని అయిన ఆసామి సాంచల మీద నుంచి దించేస్తాడని అతని భయం. ఫోన్ మురిసిపోయి రెండు చెవులకూ నూటికి నూరు వేసింది.

“నీ చెవులు మస్తుగున్నయ్ కాక!” అంది శ్వేత, హెడ్‌ఫోన్ తీస్తూ.

పుష్ప చప్పుడు చేయకుండా మొగుడి వెనక్కి వెళ్లి నిలబడింది. “ఇగో, అక్షిత అచ్చింది, బయట నిలవడ్డది!” అని కేకేసింది. రాజనర్సు కదలలేదు. శ్వేతనే చూస్తూ వినయంగా నవ్వుతున్నాడు.

“చూసినవా బిడ్డా? గిట్ల మొత్తుకుంట నా గొంతు పోయింది” అంది పుష్ప.

శ్వేత అతన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి మళ్లీ పరీక్షించింది. ఈసారి చెయ్యి ఒక్కసారీ లేవలేదు. ఇటు తిరిగిన రాజనర్సుకు భార్య ముఖం చూడగానే అర్థమైపోయింది. “ఇగ నా పని పోతదే” అన్నాడు. మెల్లగా అన్నాననుకున్నాడు గానీ గదంతా వినపడింది.

పుష్ప అతని ముందుకొచ్చి కూర్చుంది. “పోతే పోనీ. చెవికి మిషను పెట్టుకుంటె మనుమరాలి మాట ఇంటవు గదా.”

శ్వేత అతని పేరు పై ఆఫీసుకు పంపింది. చెవి మిషను సంగతి అక్కడివాళ్లే ఫోన్ చేసి చెబుతారట. అవునండీ, చెవుడున్నవాడికి ఫోన్ చేసి చెబుతారు! ఇంతకంటే సదుపాయం ఇంకేం కావాలి?

పదహారు రోజులకు ఫోన్ అతని జేబులో వణికింది. రాజనర్సు దాన్ని చెవికి పెట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. కాసేపటికి అదే ఆగిపోయింది. మర్నాడు మళ్లీ వస్తే పుష్ప లాక్కుంది. రికార్డు గొంతు ఎంతో తియ్యగా అంటోంది: ‘ఈ మాట మీకు వినిపిస్తే ఒకటి నొక్కండి.’ వినిపించింది కాబట్టి పుష్ప నొక్కింది.

‘ధన్యవాదాలు. మీకు బాగా వినిపిస్తోంది కనుక మిషను అవసరం లేదు. జాబితా నుంచి మీ పేరు తొలగిస్తున్నాం.’

“అయ్యో, ఇన్నది నేను! ఆయన కాదు! ఓ అమ్మా, జెర ఆగు!” అని పుష్ప అరిచింది. ఆ గొంతు ఆగలేదు. అదే కబురు హిందీలో చెప్పి, ఇంగ్లీషులో చెప్పి పెట్టేసింది.

“ఏమన్నరు?” అని అడిగాడు రాజనర్సు, ఆమె పెదవుల వైపే చూస్తూ.

పుష్ప అతనికి కనబడేలా ఒక్కో మాటా విడదీసి చెప్పింది. “మిషను గా అమ్మకే పెట్టాలె. ఎంత మొత్తుకున్నా ఇనవడ్తలేదు!”