రెప్ప వేయని యజమాని

రహదారి భద్రతలో మా పట్టణపు లారీల కంపెనీ సాధించిన ఘనతను ప్రజలు గుర్తించవలసిన సమయం వచ్చింది. అధునాతన పరిజ్ఞానాన్ని కంపెనీ యజమాని ఎంతో ఆదరంగా ఆహ్వానించారు. వచ్చిన యంత్రాలకు దండలు వేయించారు. అవి పనిచేయడం మొదలుపెట్టాకే విసుక్కున్నారు.

యంత్రం చిన్నది. స్టీరింగుకు ఎదురుగా ఉండి డ్రైవరు కళ్లనే చూస్తుంది. రెప్పలు వాలితే కూత పెట్టి, లారీని మెల్లగా రోడ్డు పక్కకు తీసి ఆపేస్తుంది. డ్రైవరు ఒక కునుకు తీస్తేగాని కదలనివ్వదు. మొదటి వారంలోనే పెద్ద డ్రైవరు లారీ వంతెన గోడకు జానెడు దూరంలో ఆగింది. ఆయన భార్య వచ్చి ఆ యంత్రాన్ని కొంగుతో తుడిచి వెళ్లింది. కంపెనీ మాత్రం సరుకు ఆలస్యమైనందుకు విచారణ సంఘం వేసింది.

సంఘం క్షుణ్ణంగా పరిశీలించి, లోపం యంత్రంలో లేదనీ, డ్రైవర్లకు రెప్పలుండటంలో ఉందనీ తేల్చింది. రెప్పలు తొలగించడం చట్టసమ్మతం కాదని వకీలు చెప్పడంతో, మధ్యేమార్గంగా, కళ్లు బాగా తెరిచిన యజమాని ఫొటోను ప్రతి యంత్రం ముందూ అతికించాలని తీర్మానించింది.

అతికించే పని మెకానిక్కుది. అతను పెద్ద డ్రైవరుకు స్వయానా బావమరిది.

"బావా, తల కాస్త పక్కకి పెట్టు. అయ్యగారు ఊడిపోతున్నారు."

"ఒరేయ్, నాకు కునుకొస్తే ఎవడు లేపుతాడ్రా?"

"అక్కతో ఫోన్లో మాట్లాడుతూ ఉండు. ఆ తిట్లకి నిద్రెలా వస్తుంది?"

"పెళ్లయినప్పట్నుంచీ అవే కదరా నాకు జోలపాటలు!"

ఆనాటి నుంచి లారీలు ఆగలేదు. ఆ యంత్రాలు పంపే చిత్రాలను బట్టి రహదారుల శాఖ కంప్యూటరు వేసిన లెక్క ప్రకారం, ఆ కంపెనీ లారీలన్నిటినీ ఒకే మనిషి, ఒకే సమయంలో, అన్ని దిక్కులకూ, రెప్పయినా వేయకుండా నడుపుతున్నారు. శాఖ దీన్ని అనుమానించలేదు. సన్మానించింది.

"యంత్రం మనిషికి క్రమశిక్షణ నేర్పింది! నా కళ్లెప్పుడూ మీ సరుకు మీదే!" అని యజమాని సభలో ఉపన్యసించారు. వెనక వరుసలో పెద్ద డ్రైవరు, చాలాకాలానికి మెత్తటి కుర్చీ దొరికేసరికి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. పక్కవాళ్లు మర్యాదస్తులు, చప్పట్లు చప్పుడు కాకుండా కొట్టారు.

ఇంతలో పెద్ద డ్రైవరు లారీలో లోడు ఎక్కించేశారని కబురొచ్చింది. మెకానిక్కు లేపబోతే, పక్కనే కూర్చున్న డ్రైవరు భార్య చెయ్యి అడ్డుపెట్టి వేదిక వైపు తిరిగింది.

"తెల్లార్లూ బండి నడిపొచ్చారు. ఈ ఒక్క పూటా పడుకోనివ్వండయ్యా."

యజమాని వేదిక మీద నుంచే పెద్దమనసు చూపారు. "నాకేం అభ్యంతరం తల్లీ! ఆ సరుకంతా ఈ సభలో ఉన్నవాళ్లదే కదా. ఒక్క పూట ఆలస్యమైనా పర్వాలేదన్నవాళ్లు చెయ్యెత్తండి, చాలు."

మా అందరి గుండెలూ కరిగిపోయాయి. చెయ్యెత్తుదామనే అనుకున్నాం. కానీ అప్పటికే రెండు చేతులతో ఫోన్లు పట్టుకుని, మా పార్సెళ్లు ఎంతవరకు వచ్చాయో చూసుకుంటున్నాం.