మాత్రల లొంగుబాటు

"రేపటి సంది మన వార్డు షుగర్ రహిత వార్డు!" అని విజయేందర్ గారు మైకులో ప్రకటించారు. ఆయన మా బన్సీలాల్‌పేట్‌లో పార్టీ ఇన్‌ఛార్జి. "గ్రీన్ టీల క్యాటెచిన్లు ఉంటయ్. గవి రక్తనాళాలను మెత్తగ చేస్తయ్. మన గల్లీ డ్రైనేజీ సాఫ్ చేయనీకె ఫండ్స్ లేవు గానీ, మీ రక్తనాళాలు సాఫ్ చేసే జిమ్మేదారి నాది!"

ఇంత నిజాయితీగా మాట్లాడే నాయకుణ్ణి మా ఊళ్లో చూడలేదు. చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టాను.

పథకం సులువు. షుగర్ ఉన్నవాళ్లు తమ మాత్రలను వేదిక మీది పూలదండ వేసిన డబ్బాలో వేసి లొంగిపోవాలి. బదులుగా శాలువా, గ్రీన్ టీ ప్యాకెట్, ఫొటో.

బస్తీ దవాఖానా డాక్టర్ స్వర్ణలత గారు మైకు అందుకుని, "గ్రీన్ టీ రక్తనాళాలకు కొంత మేలు చేయొచ్చు, కానీ మాత్రలు మానితే ప్రమాదం" అన్నారు. మర్నాటి ఫ్లెక్సీలో ఆవిడ మాటలు కామా దాకా అచ్చయ్యాయి. మిగతాదానికి చోటు చాలలేదట.

మా అమ్మమ్మ లచ్చమ్మకు పన్నెండేళ్లుగా షుగర్. కాలి మీద పుండు మానడం లేదు. ఆమెకు చదువు రాదు. అందుకే పొద్దుటి మాత్రల కవరు మీద సూర్యుణ్ణి, రాత్రి వాటి మీద చంద్రుణ్ణి గీసిస్తాను. మింగనని మొండికేస్తుంటే నవ్వించడానికి సూర్యుడికి మీసాలు పెట్టాను.

"ఇయ్యకు అమ్మమ్మా," అన్నాను మెల్లగా.

"అందరి ముంగట విజయేందర్ నన్ను అమ్మా అని పిల్సిండే. ఎట్ల ఇయ్యకుంట?"

రెండు కవర్లూ డబ్బాలో వేసి వచ్చింది. శాలువా బాగుంది.

గ్రీన్ టీ చేదుగా ఉందని అమ్మమ్మ అందులో పాలు పోసి, మూడు చెంచాల చక్కెర వేసి మరిగించింది. బస్తీ అంతా అలాగే మరిగించింది. "గిప్పుడు చాయ్ లెక్కున్నది" అని అందరూ పథకాన్ని మెచ్చుకున్నారు.

పదో రోజుకు అమ్మమ్మ షుగర్ నాలుగు వందలు దాటింది. పుండు పెద్దదైంది. "ఈ నెల మందులు ఇచ్చేశాం. కొత్త స్టాకు వచ్చే వారమే. పోయి ఆ కవర్లు వాపస్ తెచ్చుకో తల్లీ, ఆలస్యం చేస్తే కాలికి మంచిది కాదు" అన్నారు డాక్టరు గారు.

ఆ పొద్దునే విజయోత్సవ సభ. వేదిక వెనక్కి వెళ్లి, విజయేందర్ గారి అనుచరుడు తుకారాంను అడిగాను.

"లొంగిపోయిన గోలీలు వాపస్ ఇయ్యం పాపా. పార్టీ ఫిరాయించినట్టు ఐతది."

"మరి ఎక్కడున్నయ్ అన్నా?"

"జెర సుత ఫికర్ చేయకు. అన్న సొంతంగ చూస్కుంటుండు."

వేదిక మీద విజయేందర్ గారు గ్రీన్ టీ గ్లాసు ఎత్తారు.

"నన్ను చూడుండ్రి! పదేండ్ల సంది షుగర్. గ్రీన్ టీ తోనే గిట్ల గట్టిగున్న!"

జనం ఈలలు వేశారు. ఆయన చెమట తుడుచుకునేందుకు మా వైపు తిరిగి, జేబులోంచి ఓ కవరు తీసి, అందులోని చివరి మాత్ర నోట్లో వేసుకుని, టీతో మింగారు. మళ్లీ జనం వైపు తిరిగి దండం పెట్టారు.

ఖాళీ కవరు నా కాళ్ల దగ్గర పడింది.

సూర్యుడికి మీసాలున్నాయి.