తొంభై ఆరు కిలోల అర్హత

ఊబకాయం తిండిపోతుతనం కాదు, దీర్ఘవ్యాధి అని మెక్సికోలో, ప్వెబ్లా నగరంలోని సాంతా ఎదువీహెస్ కార్మిక వైద్యశాల ఎట్టకేలకు గుర్తించింది. గుర్తించిన మరుక్షణమే ఆ వ్యాధికి ఒక దరఖాస్తు ఫారం, మూడు నకళ్లు, ఒక కమిటీ పుట్టుకొచ్చాయి. (అంతకుముందు రోగులకు ఉత్త తిట్లే దక్కేవి. ఇప్పుడు తిట్లకి రసీదు కూడా ఇస్తున్నారు.)

ఎవులాలియా కుట్టు కార్ఖానాలో పనిచేస్తుంది. యాభై రెండేళ్లు, నూటొక్క కిలోలు, పైగా షుగరు. అవన్నీ ఎలాగో ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే, నిద్రలో ఊపిరి ఆగిపోవడం. చెల్లెలు చాయో పక్కనే పడుకుని, గురక ఆగినప్పుడల్లా మోచేత్తో పొడిచి లేపుతుంది. ఏదో ఒక రోజు దానికీ ఒళ్లు తెలీని నిద్ర పడుతుందని ఎవులాలియా భయం.

డాక్టరమ్మ ఇత్సెల్ మంచి మనిషి. ఇది మీ తప్పు కాదండీ అంది. తిండి తగ్గిస్తే బరువు కొంత తగ్గుతుంది, కానీ ఒళ్లు మొండిది, పోయినదాన్ని మళ్లీ లాక్కొచ్చుకుంటుంది అని విడమరిచి చెప్పింది. మాత్రలున్నాయి, వారానికో ఇంజెక్షన్ ఉంది (స్టాకు లేదు), మీకు మాత్రం పొట్ట చిన్నది చేసే ఆపరేషనే మేలు అని రాసిచ్చింది. తన తప్పు కాదన్న మాట పుట్టి బుద్ధెరిగాక ఎవరినోటా వినలేదు పాపం, ఎవులాలియా అక్కడే ఏడ్చేసింది.

ఆ కాగితం కమిటీ అధికారి బల్దొమేరో దగ్గరికి వెళ్లింది. ఆయన బల్లమీద ఎవరిదో పుట్టినరోజు కేకు ఉంది. (ఆ ఆఫీసులో రోజూ ఎవరో ఒకరు పుడుతూనే ఉంటారు.) నిబంధనలు రెండే రెండని ఆయన సెలవిచ్చాడు. పట్టుదల ఉందని రుజువు చేసుకోవడానికి రోగి ఆర్నెల్లలో ఐదు కిలోలు తగ్గాలి. తగ్గాక కూడా, ఆమె ఎత్తుని బట్టి, తొంభై ఆరు కిలోలకి ఒక్క గ్రాము తక్కువైనా ఆపరేషన్ లేదు. అంటే కచ్చితంగా తొంభై ఆరు దగ్గర ఆగాలన్నమాట. కొలతలతో బతికే మనిషి కదా, ఎవులాలియా సరేనంది.

ఆర్నెల్లూ మొక్కజొన్న రొట్టెల జోలికి పోలేదు. చాయో వండిన తమాలే కుడుముల వైపు కన్నెత్తి చూడలేదు. లెక్క సరిగ్గా కుదిరిందనుకునేసరికి జ్వరం తగులుకుంది. (జ్వరానికి నిబంధనలు తెలియవు.)

తూకం రోజున వరసలో ఉన్నవాళ్లంతా బరువు తక్కువ పడకుండా జేబుల్లో చిక్కుడుగింజల డబ్బాలు సర్దుకుంటున్నారు. చాయో కూడా ఒకటి తెచ్చి అక్క చేతిలో పెట్టబోయింది.

"తిండిపోతునన్నారు, పడ్డాను. ఇప్పుడు దొంగనని కూడా అనిపించుకోమంటావా ఏంటే?" అంది ఎవులాలియా.

ముల్లు తొంభై ఐదున్నర దగ్గర ఆగింది. బల్దొమేరో లేచి నిలబడి మరీ చెయ్యి కలిపాడు, కేకు ముక్క పెట్టాడు, ఫైలు మీద 'నయమైంది' అని ముద్ర కొట్టాడు.

"పోయిన బరువు మళ్లీ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది సారూ," అందామె.

"ఎందుకు రాదు ఎవులాలియా గారూ, దీర్ఘవ్యాధి కదా. తప్పకుండా వస్తుంది. రాగానే రండి, మొదట్నించి మొదలుపెడదాం."

మరి ఈలోగా నిద్రలో ఊపిరి ఆగితే ఏంగతి అని అడిగింది ఎవులాలియా. ఆయన విసుక్కోకుండా నిబంధనల పుస్తకం తిరగేసి, నయమైనవాళ్లకి ఊపిరి ఆగదని చదివి వినిపించాడు.