ఒక్క చెంచా తోడు మందు

ఆ ఉదయం ఫొటోగ్రాఫర్ భార్య వేసుకున్న పథకం చాలా చిన్నది: ఎవరి కంటా పడకుండా జగ్గులో ఒక చెంచా పొడి కలపడం.

ఊరందరికీ "నవ్వండి" అని చెప్పే మనిషి, తను నవ్వడం మానేసి నెలలైంది. డాక్టరు డిప్రెషన్ మాత్రలు రాశారు. వాటికి తోడుగా మెగ్నీషియం పొడి, రోజుకో చెంచా; మించితే విరేచనాలేనని హెచ్చరించారు. మాత్రలు బుద్ధిగా మింగేవాడు. పొడి పేరెత్తితే మాత్రం "ఆ పుల్లటి సుద్ద నాకొద్దు" అని ముఖం తిప్పుకునేవాడు. ఇంటి ముందుగదిలోని స్టూడియోలో తన జగ్గు నీళ్లు తప్ప ఏదీ ముట్టడు. అందుకే ఈ దొంగచాటు పని.

పదింటికి బ్యాంకు వాళ్లు గ్రూప్ ఫొటోకి దిగారు. మేనేజరుకు వీడ్కోలట. తీరా చూస్తే లైటు మొరాయించింది. అది బాగయ్యేసరికి అందరికీ గొంతులు ఎండిపోయాయి. ఫొటోగ్రాఫర్ మర్యాదగా తన జగ్గు అందించాడు.

"నీళ్లు పుల్లగా భలే ఉన్నాయే!" అంటూ ఖాళీ చేశారు.

తలుపు చాటున భార్య నాలుక కరుచుకుంది. ఒక్క చెంచాకి ఏమవుతుందిలే అని సర్దుకుంది.

వరసలు సర్ది, కుర్చీలు మార్చేసరికి గంట దాటింది. "రెడీ... కదలకండి!"

మేనేజరు కదిలాడు. "ఒక్క నిమిషం. బాత్రూం ఎటు?"

వెనకే క్యాషియరు. ఆ వెనక వరసంతా. ఉన్నది ఒకటే బాత్రూం.

"సార్, త్వరగా రండి సార్!" క్యాషియరు తలుపు బాదాడు.

"రోజూ జనాన్ని నిలబెడతావుగా! నిలబడు!" అన్నాడు లోపల్నుంచి మేనేజరు.

"అయ్యో, ఒక్క చెంచాయేగా కలిపాను!" భార్య నోరు జారింది.

గోల విని మరిదితో పాటు వచ్చిన అత్తగారు ఉలిక్కిపడింది. "నువ్వూ కలిపావా? నీకసలే మతిమరుపని నేను రెండు వేశానే!"

"అమ్మా!" మరిది తల పట్టుకున్నాడు. "మీ ఇద్దరి వల్లా కాదని నేను గుప్పెడు పోశాను!"

ఫొటోగ్రాఫర్ ఖాళీ జగ్గు వంక చూశాడు, ముగ్గురి వంకా చూశాడు, క్యూ వంక చూశాడు. అతని భుజాలు అదరసాగాయి. కోలుకుంటున్న మనిషి మళ్లీ కుంగిపోయాడనుకుని భార్య పరుగెత్తింది.

"ఏమండీ! తప్పు నాదేనండీ, ఏడవకండి!"

అతను ఏడవడం లేదు. పగలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు క్యూకి, అప్పుడే బయటికొచ్చిన మేనేజరుకీ అంటుకుంది.

"నవ్వించకండి బాబూ, ప్రమాదం!" క్యాషియరు పొట్ట పట్టుకుని వేడుకున్నాడు. ఆ క్షణంలోనే ఫొటోగ్రాఫర్ కెమెరా క్లిక్‌మనిపించాడు. మేనేజరు ఫ్రేము కట్టించుకుని మరీ పట్టుకెళ్లింది ఆ ఫొటోనే.

మరుసటి వారం డాక్టరు ఫొటోగ్రాఫర్ ముఖం చూసి సంబరపడ్డారు. "మాత్రలు మాత్రం ఆపకండి. మరి పొడి పనిచేసినట్టేనా?"

"బ్రహ్మాండంగా పనిచేసిందండీ," అంది భార్య. "ఈయనొక్కరే ఇంకా తాగలేదు."