అచ్చయ్య ఆవిరి కార్ఖానా

రైల్వే వాళ్ళు ఆవిరి ఇంజన్లను ఎప్పుడో తీసేశారు గానీ, రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, మా పక్క క్వార్టర్లో, ఒకటి చాలాకాలం మిగిలిపోయింది. దాని పేరు అచ్చయ్య.

అచ్చయ్యా, నేనూ వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఒకే సెక్షన్ గుమాస్తాలం. తాతల నాడు పలాస నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఒకప్పుడు సిగరెట్టు మీద సిగరెట్టు వెలిగించేవాడు. ఓసారి రైల్వే ఆసుపత్రి డాక్టరమ్మ అతని ఛాతీ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి, "ఇది మీ ఊపిరితిత్తా, హోటల్ పొగగొట్టమా?" అని అడిగింది. ఆ మాటకి జడిసి సిగరెట్టు మానేశాడు. మానేసి, ఎలక్ట్రానిక్ సిగరెట్టు పట్టాడు.

"పొగ మానేస్తానని మాటిచ్చారు కదండీ?" అని నిలదీసింది అతని భార్య బిందుమాధవి.

"ఇది పొగ కాదే, ఆవిరి."

"అయితే ఆ ఆవిరి మీద ఇడ్లీలు పెట్టుకుంటాను. గ్యాసైనా కలిసొస్తాది."

బజారు ద్రవంలో రుచి లేదని అచ్చయ్య సొంతంగా కలపడం మొదలుపెట్టాడు. గ్లిజరిన్, వంట ఎసెన్సులు, ఆన్‌లైన్‌లో తెప్పించిన నికోటిన్ సీసా. ఆదివారం వస్తే చేతులకి పాలిథిన్ సంచులు తొడుక్కుని, సిరంజి పట్టుకుని, భోజనాల బల్ల దగ్గర శాస్త్రవేత్తలా కూర్చునేవాడు. మామిడితాండ్ర రుచి బాగానే కుదిరింది. ఆవకాయ రుచి కలిపిన రోజున మాత్రం మా రెండు క్వార్టర్ల వాళ్ళం తుమ్ముకుంటూ రోడ్డు మీద నిలబడ్డాం. అన్నిటికన్నా బాగా వచ్చినదానికి ప్రేమగా 'బిందు మాధుర్యం' అని పేరు పెట్టాడు.

"నా పేరెట్టి కాలనీ అంతా ఊదుతారా?" అని ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

రెండువేల పందొమ్మిది సెప్టెంబరులో ఒకరోజు కేంద్ర ప్రభుత్వం ఎలక్ట్రానిక్ సిగరెట్లను నిషేధించింది. టీవీలో వార్త విని, మర్నాడు పొద్దున్నే అచ్చయ్య పేపరు పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"మల్లేశ్వరరావ్, సరిగ్గా చదివి చెప్పు యార్. పీల్చేవాణ్ణి ఏటి చేస్తారట?"

చదివాను. "పీల్చేవాడి గురించి ఏమీ రాయలేదు. తయారీ, అమ్మకం, నిల్వ నేరం. తయారీకి ఏడాది దాకా జైలు."

అచ్చయ్య మొహం పాలిపోయింది. "అంటే కొనుక్కుని పీల్చినవాడు హాయిగా ఉంటాడు, కష్టపడి కలుపుకున్న నేను తయారీదారుణ్ణా?"

"చట్టం నిన్ను ఫ్యాక్టరీ ఓనర్ని చేసింది. సంతోషించు."

వెనకాలే వచ్చిన బిందుమాధవి పేపరు అందుకుంది. "నిల్వ ఉంచుకున్నవాళ్ళు దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో అప్పగించమని కూడా రాశాడు, అన్నయ్యగారూ. చలో, ఇప్పుడే వెళ్ళి ఇచ్చేసి వద్దాం."

"స్టేషనుకి మన కాళ్ళతో మనమే వెళ్తామా? పాగల్ అయ్యావేటే!"

"పోనీ, పారేయండి."

"అది లేకపోతే నా బుర్ర పనిచెయ్యదు బిందూ. ఒక్క దమ్ము లాగితేనే గానీ ఆఫీసులో రెండూ రెండూ కలిపితే ఎంతో తట్టదు."

ఆన్‌లైన్ దుకాణాలన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. చేతిలో ఉన్నదే ఆఖరి నికోటిన్ సీసా. దానికితోడు ఎదుటి క్వార్టర్లోకి కొత్తగా రైల్వే పోలీసు ఎస్సై సాహూ గారు దిగారు. ఆయన పాలప్యాకెట్టు కోసం బయటికి వచ్చినా, అచ్చయ్యకి సోదాకే వచ్చినట్టుండేది.

అప్పుడు అచ్చయ్యకి ఒక ఉపాయం తట్టింది. దొంగసరుకు దాచడానికి వంటిల్లంత క్షేమమైన చోటు లేదనుకున్నాడు. గ్లిజరిన్‌ని తీసుకెళ్ళి ఖాళీగా ఉన్న దీపారాధన నూనె సీసాలో పోశాడు. నికోటిన్‌ని పైనాపిల్ ఎసెన్స్ సీసాలో పోసి, మసాలా డబ్బాల వెనక పెట్టాడు. ఇదంతా చేసి, నా దగ్గరికొచ్చి చాణక్యుడిలా నవ్వాడు.

ఆ నవ్వు నవరాత్రుల దాకానే నిలిచింది. దుర్గాష్టమి నాడు బిందుమాధవి దీపం వెలిగించబోతే, అది వెలగనంటే వెలగలేదు. అగ్గిపెట్టె సగమైంది.

"వత్తి తడిసిందేమో," అన్నాడు అచ్చయ్య, తన చెమట తుడుచుకుంటూ.

ఆవిడ సీసా మూత తీసి వాసన చూసింది. మొగుడి మొహం చూసింది. మారుమాటాడకుండా వంటింట్లోంచి వేరే నూనె తెచ్చుకుని దీపం వెలిగించింది. ఆ మౌనాన్ని చూసి అచ్చయ్య బతికిపోయాననుకున్నాడు గానీ, పెళ్ళయిన వాళ్ళెవరూ అలా అనుకోరు.

దసరా వచ్చింది. రావణ దహనం చూడ్డానికి వెళ్ళేముందు టిఫినుకి రమ్మని బిందుమాధవి మమ్మల్నీ, సాహూ గారి కుటుంబాన్నీ పిలిచింది. అచ్చయ్య పంచిపెట్టడానికి జమ్మి ఆకు తెస్తానని బజారుకెళ్ళి ఆలస్యంగా వచ్చాడు. వచ్చేసరికి మేమంతా ప్లేట్లు పట్టుకుని కూర్చున్నాం.

"ఏటి తింటున్నారు?" అన్నాడు నవ్వుతూ.

"పైనాపిల్ కేసరి," అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ఒక్క దూకులో వంటింటి గుమ్మం చేరాడు. పొయ్యి పక్కన పైనాపిల్ ఎసెన్స్ సీసా బోర్లించి ఉంది, ఖాళీగా.

"తినకండి!" అని అరిచాడు. జమ్మి ఆకు గాల్లోకి ఎగిరింది. నా ప్లేటు లాక్కున్నాడు. ఎస్సై గారి నోటి దాకా వెళ్ళిన చెంచాని ఊడబెరికాడు. "మత్ ఖాయియే సాబ్, జహర్ హై, విషం! నికోటిన్ హై! తయారీ నాదే, నిల్వా నాదే! నన్ను అరెస్టు చేసుకోండి, ముందు అందరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళండి!"

ఇక చూడాలి మా అవస్థ. అప్పటిదాకా రెండోసారి వడ్డించమందామని చూస్తున్న నాకు ఒక్కసారిగా కళ్ళు తిరిగాయి. సాహూ గారి భార్య "హే భగవాన్" అంటూ పొట్ట పట్టుకుంది. సాహూ గారు తన నాడి తానే చూసుకుంటూ, ఇంకో చేత్తో అంబులెన్సుకి ఫోను తీశారు. అచ్చయ్య నేలమీద కూలబడి ఏడుస్తున్నాడు. అది నటన కాదు.

బిందుమాధవి మాత్రం నింపాదిగా ఇంకో చెంచా కేసరి నోట్లో వేసుకుంది.

"బిందూ, వద్దే! నువ్వు పోతే నేనేమైపోవాలే!"

"ఏటీ కాదు, ఊరుకోండి. ఇందులో వేసింది పండు ముక్కలు. ఆ సీసాలోది తూములో పోసి కడిగేశాను. అయినా అందులో ఉన్నది నికోటిన్ అని ఎవరన్నారు?"

"నేనే పోశానే!"

"మీరు పోసింది ఉత్త గ్లిజరిన్."

అచ్చయ్య ఏడుపు ఆపాడు. ఆవిడ చెప్పింది. వేసవిలోనే డాక్టరమ్మని అడిగి వచ్చిందట. ఒక్కసారిగా ఆపితే ఇతను మళ్ళీ సిగరెట్టు ముట్టుకుంటాడేమోనని, కొద్దికొద్దిగా తగ్గించమందట డాక్టరమ్మ. అప్పటినుంచీ కొత్త సీసా వచ్చినప్పుడల్లా అందులోంచి ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ తీసి, అంత గ్లిజరిన్ కలిపి పెట్టింది. తీసినదాన్ని డాక్టరమ్మకే అప్పగించింది. ప్రభుత్వం నిషేధించే నాటికే ఆ సీసాలో నికోటిన్ చుక్క లేదు.

"మరి మొన్న ఆడిట్ రోజున ఒక్క దమ్ము లాగితే నా బుర్ర పాదరసంలా పనిచేసిందే!"

"అది మీ బుర్రేనండీ. దాని గురించి మీకే తెలీదు."

సాహూ గారు ఫోను జేబులో పెట్టి, లాక్కున్న చెంచా వెనక్కి తీసుకున్నారు. "అచ్చయ్యజీ, ప్రభుత్వం ఇప్పుడు బంద్ చేసింది. భాభీజీ ఎప్పుడో చేసేశారు. భాభీజీ, థోడా ఔర్ దీజియే," అని ప్లేటు చాపారు. నాకు కళ్ళు తిరగడం తగ్గింది. నేనూ ప్లేటు చాపాను.

మర్నాడు సాహూ గారి సలహా మీద అచ్చయ్య దంపతులూ, నేనూ పోలీస్ స్టేషనుకి వెళ్ళి ఆ ఎలక్ట్రానిక్ సిగరెట్టు అప్పగించాం. జైలు ఊసే ఎవరూ ఎత్తలేదు. అక్కడున్న హవల్దారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మా బావమరిదికి కూడా ఈ అలవాటుంది. మాన్పించడం ఎలా?" అని అడిగాడు. అచ్చయ్య సిగ్గుపడుతూ భార్యని చూపించాడు. ఆవిడ అరగంట చెప్పింది. హవల్దారు బుద్ధిగా విన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బజారు చేసుకుని, పట్టాల మీద నడకవంతెన ఎక్కాం. ఒకప్పుడు ఆ మెట్ల మీద సగంలో ఆగి దగ్గేవాడు అచ్చయ్య. ఆవేళ మాటల్లో పడి పైదాకా ఎక్కేసి, ఎక్కానన్న సంగతి పైకి వెళ్ళాక గ్రహించాడు. అక్కడ నిలబడి గుండెల నిండా ఒకసారి గాలి పీల్చాడు. ఉత్త గాలి. కూరల సంచీతో ఆయాసపడుతూ వస్తున్న బిందుమాధవి వైపు చూస్తే అతని కళ్ళు చెమర్చాయి.

"బిందూ, నీ మేలు ఈ జన్మలో మరిచిపోలేనే," అన్నాడు.

"సరే గానీ, ముందు ఈ సంచీ అందుకోండి," అంది ఆవిడ.

అచ్చయ్య గబగబా కిందికి దిగి సంచీ అందుకున్నాడు. నా సంచీ కూడా తీసుకున్నాడు. ఇంటిదాకా రెండూ మోస్తూ మా ముందు నడిచాడు, ఒక్కసారి కూడా ఆగకుండా.