అనుమతి పొందిన కుందేటి కొమ్ము

రండి రండి, దగ్గరగా జరగండి. నా గొంతు ఇదివరకటిలా దూరం పోవడం లేదు. ముందు వరసలో పెద్దమ్మా, మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకో, ఇంకొకరికి చోటు దొరుకుతుంది. అందరూ ఒక్కసారి గోవిందా అనండి. ఊహూఁ, వెనకవాళ్లు పెదాలు కదిపి ఊరుకున్నారు. నాకు తెలియకపోయినా స్వామికి తెలుస్తుంది నాయనా. ఇంకోసారి. అదీ!

ఒక పెద్ద అడవిలో ఒక కుందేలు ఉండేది. తెలివైనది, ధైర్యం గలది అని చెప్పాలనే ఉంది. కానీ దేవుడి పేరు తలుచుకుని కూర్చున్నాక అబద్ధమాడకూడదు. ఆ కుందేలు నేనే.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. పచ్చిగడ్డి వాగు ఒడ్డున తప్ప ఎక్కడా లేదు. ఆ దారిలో ఒక దుమ్ములగొండి మాటు వేసింది. నాకు భార్య రెల్లమ్మ, ముగ్గురు పిల్లలు. గడ్డికి వెళ్లకపోతే ఆకలి, వెళ్తే దుమ్ములగొండి. పక్క పొదలో కుందేలు ముందు వారం వెళ్లి మళ్లీ రాలేదు.

మేమంతా మొరపెట్టుకుంటే పెద్దలు కరుణించి ఒక కార్యాలయం తెరిచారు. ఆత్మరక్షణ ఆయుధాల అనుమతి కార్యాలయం. గడ్డి తినేవాళ్లు ఎవరైనా ఒక ఆయుధం వెంట ఉంచుకోవచ్చు. కాకపోతే అది పరీక్ష నెగ్గాలి.

పరీక్షాధికారి అడవిదున్న గారు. గుమాస్తా కొండముచ్చు. దున్న గారు కళ్లు మూసుకుని నిలబడతారు. మనం ఆయుధంతో ఎదురుగా నిలబడాలి. ఆయన కళ్లు తెరిచి, భయపడి ఎన్ని అడుగులు వెనక్కి వేస్తే మనకి అన్ని మార్కులు. ఐదు వస్తే అనుమతి. కొండముచ్చు తన తోకతో అడుగులు కొలిచేవాడు.

వరసలో నా ముందు ముళ్లపంది అత్త ఉంది. పెద్దదైపోయింది పాపం, ముళ్లు ఒంటికి అణుచుకుని మెల్లగా వచ్చి నిలబడింది. దున్న గారు కళ్లు తెరిచారు. సరిగ్గా కనపడక ఒక అడుగు ముందుకు వేశారు.

"ముందుకా!" అన్నాడు కొండముచ్చు. "సున్నా కంటే తక్కువ రాసుకుంటున్నాను."

"ఒక్కసారి నన్ను తాకి చూడు నాయనా, అప్పుడు రాసుకో," అంది అత్త.

"తాకడం పరీక్షలో లేదమ్మా. చూడడం వరకే."

"మీదకొచ్చేవాడు చూసి ఊరుకోడు కదరా!"

"అది వాడి పరీక్ష. ఇది మా పరీక్ష. పక్కకి జరుగు."

తర్వాత నేను. దున్న గారు కళ్లు తెరిచి నవ్వారు. "ఏదయ్యా ఆయుధం?"

"చెవులండీ. ఆకు కదిలినా వినిపిస్తుంది. ఇవిగో కాళ్లు. చిటికెలో మాయమవుతాను."

"పారిపోవడాన్ని ఆత్మరక్షణ అంటారటయ్యా కొండముచ్చూ?"

"జాబితాలో లేదండి," అన్నాడు వాడు, నా చెవుల వైపు జాలిగా చూస్తూ.

ఆ జాలి నన్ను పొడిచింది. నవ్వకండి, మీకూ పొడుస్తుంది.

దారిలో ఒక కణుజు, అదే పెద్ద దుప్పి, రాల్చిన కొమ్ము దొరికింది. నాకు మూడింతలుంది, అయిదు కొనలు. కాలిన కట్టె రాసి నల్లగా చేశాను. కొనలకి మోదుగపూల రసం పూసి ఎర్రగా చేశాను. రక్తం ఆరని కొమ్ములా తయారైంది. నాకే దడ పుట్టి కాసేపు దూరంగా కూర్చున్నాను. అంత బాగా కుదిరింది.

దాన్ని నెత్తిన నిలపాలంటే చెవులు మడిచి, తీగతో బిగించి కట్టాలి. రెల్లమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"చెవులు కట్టేసుకుని కాపలా ఏం కాస్తావయ్యా?"

"వినాల్సిన అవసరం ఇకమీదట మన జోలికొచ్చేవాళ్లకే," అన్నాను.

"తల తిప్పు చూద్దాం."

"గంభీరంగా ఉండేవాళ్లు తల తిప్పరే."

మర్నాడు దున్న గారు కళ్లు తెరిచి ఏడు అడుగులు వెనక్కి వేశారు. కొండముచ్చు చెట్టెక్కాడు. ఎక్కినవాడు అక్కణ్ణుంచే టేకాకు మీద ముద్ర వేసి కిందికి వదిలాడు. ఆ ఆకును మెడలో కట్టుకుని ఊరేగినట్టు ఇంటికొచ్చాను. స్వామికి దండం పెట్టుకుందామని తల వంచబోతే కొమ్ము అడ్డొచ్చింది. సరే, స్వామే సర్దుకుంటాడులే అనుకున్నాను. లెంపలేసుకోవాల్సిన మాట.

మూడు రోజులు వాగు ఒడ్డున నేనే రాజుని. దుమ్ములగొండి జాడ లేదు. "చూశావా?" అన్నాను రెల్లమ్మతో. వాడు చుట్టాల పెళ్లికి అవతలి అడవికి వెళ్లాడని తర్వాత తెలిసింది.

అంతకుముందు అక్కడే మేసే జింకలు నా కొమ్ము చూసి బెదిరి వేరే దారి పట్టాయి. దుమ్ములగొండి వాసన తగిలితే మొదట కూత వేసేవి అవే. వాటిని వెళ్లగొట్టానని కూడా నేను గొప్పగా చెప్పుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం పెళ్లిభోజనం అరిగి దుమ్ములగొండి వచ్చాడు.

రెల్లమ్మ కాలితో నేల దబదబా కొట్టింది. మా వాళ్లకి అది పరుగెత్తమన్న హెచ్చరిక. పెద్ద పిల్లలిద్దరూ పొదలోకి దూకారు. నాకు వినపడలేదు. నేను కొమ్ము నిటారుగా పెట్టి సూర్యాస్తమయం వైపు చూస్తూ నిలబడ్డాను, ఎవరైనా చూస్తే బాగుంటుందని.

మా చిన్నది గరిక మాత్రం కదలలేదు. వచ్చి నా వెనక నక్కింది.

"పరుగెత్తవే!" అని అరిచింది రెల్లమ్మ.

"ఎందుకమ్మా, నాన్నకి కొమ్ముందిగా!"

ఆ మాట నాకు ఎలా వినపడిందో స్వామికే తెలియాలి. తల దించేసరికి ఎదురుగా వాడు.

కొమ్ము ఊపాను. అనుమతి ఆకు చూపించాను. వాడు కొమ్ము వైపు ఒక్కసారి చూశాడు, తర్వాత నా కాళ్ల వైపు చూశాడు. అవి కొమ్ము బరువుకి వంగిపోయి ఉన్నాయి.

"ఇంత బరువు ఎందుకు మోస్తున్నావురా అబ్బాయ్?" అన్నాడు.

"ఏడు మార్కులొచ్చాయి!" అన్నాను. ప్రాణం పోయేముందు నోట్లోంచి రావలసింది రామనామం. నాకొచ్చింది మార్కులు.

వెనక్కి తిరిగి, గరికను నా ముందు తోసుకుంటూ పరుగెత్తబోయాను. కొమ్ము రేగుపొదలో చిక్కుకుంది. గుంజితే ఇంకా బిగిసింది. నేను అడ్డంగా వేలాడుతుంటే నా కింద నుంచి పోలేక గరిక అక్కడే ఇరుక్కుంది. అది చూసి దుమ్ములగొండికి నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని కూర్చుని మరీ నవ్వాడు. ఆ అయిదారు క్షణాలు దేవుడిచ్చినవి.

రెల్లమ్మ పొదలో నుంచి వెనక్కి వచ్చింది. ముందు పళ్లు తప్ప ఏ ఆయుధమూ లేని మనిషి, వాడి మూతికి మూరెడు దూరంలో నా నెత్తి ఎక్కింది. తిట్టలేదు. నేను చెప్పలేదా అనలేదు. తీగను కసక్కన కొరికింది. ఇంకో కొరుకు. నా చెవులు లేచాయి, నేను కింద పడ్డాను, ముగ్గురం ఒకే బొరియలో దూరాం. నా తోకలో కాస్త బొచ్చు వాడి పళ్లలో మిగిలింది. ఇదిగో, చూడండి. సిగ్గేముంది, ఇంతమందికి ఇదివరకే చూపించాను.

కొమ్ము వాడికి నచ్చింది. తెల్లారగానే నెత్తిన కట్టుకుని పరీక్షకి వెళ్లాడు. దున్న గారు కళ్లు తెరిచి ఇరవై రెండు అడుగులు వెనక్కి నడిచి మడుగులో పడ్డారు.

"వాడు గడ్డి తింటాడా అని అడగాలి కదండీ?" అన్నాడట కొండముచ్చు, చెట్టు కొస నుంచి.

"నువ్వు దిగి అడుగు," అన్నారట దున్న గారు నీళ్లలో నుంచి.

అనుమతి వచ్చేసింది. కార్యాలయం చరిత్రలో అంత అర్హత గల దరఖాస్తుదారు లేడని రాసి మరీ ఇచ్చారు. ఆనాటి నుంచి వాడు ఆ కొమ్ము తియ్యడు. తీస్తే గౌరవం తగ్గుతుందని భయం. కొమ్మలకి తగులుతూ, తీగలు తెంపుకుంటూ నడుస్తాడు. వాడు కొండ దిగే చప్పుడు ముందే వినపడుతుంది, వాడు వాగు చేరేసరికి ఇక్కడ మేము భోంచేసి చెయ్యి కడుక్కుని ఉంటాం. ఈ మధ్య చిక్కిపోయాడు కూడా.

అందుకే అంటాను, ఆయుధం చూడగానే దడ పుట్టించేదిగానే ఉండాలి, కాకపోతే అది మన శత్రువు నెత్తిన ఉండాలి.

ఇక లేవండి, హారతి తీసుకోండి. నేను చెప్పిందంతా మరిచిపోయినా ఫరవాలేదు. రెల్లమ్మ చేసిన ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు కొమ్ము కట్టుకుని పొదలో చిక్కుకునే ఉంటారు. బుద్ధి తర్వాత చెప్పొచ్చు, ముందు తీగ కొరకండి.